బొగ్గుల గైరమ్మ, నీలి మంట

అనగా అనగా అంటారు గానీ, ఇది అనుకోగా అనుకోగా నిలబడిన కథ. ఎవరూ రాసిపెట్టలేదు. మా అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పింది. మా అవ్వ నాకు చెప్పింది. మంట ఒకసారి ఎర్రగా, ఒకసారి పసుపుగా, ఒకసారి నీలంగా ఎందుకుంటుందని మీరు అడిగారు కాబట్టి ఇప్పుడు నేను మీకు చెబుతున్నాను. మన కొండల్లో ఆ సంగతి మొదట పిల్లలకి విప్పి చెప్పిన మనిషి పేరు గైరమ్మ. కథ సంతోషంగా ఉండదు. అయినా వినాలి.

ఎండ కూడా వణుకుతూ వచ్చే ఊరొకటి ఉండేది. పేరు చలిమెట్ట. ఆ ఊరికి ఎడంగా, అడవి మొదట్లో, ఒక గడ్డి గుడిసె. అందులో గైరమ్మ, ఆమె ముగ్గురు పిల్లలు. పెద్దది ముత్తి, నడిమివాడు సోములు, చిన్నది బూసి. మొగుడు బూసి పుట్టిన ఏడే జ్వరంతో పోయాడు.

గైరమ్మ పని బొగ్గులు కాల్చడం. కట్టెలు నిలబెట్టి గుండ్రంగా పేర్చేది. పైన ఆకులు కప్పేది. ఆకుల మీద తడిమన్ను మెత్తేది. సన్న కన్నాలు వదిలి లోపల నిప్పు పెట్టేది. గాలి ఎక్కువైతే కట్టె బూడిదైపోతుంది, తక్కువైతే పచ్చిగా మిగిలిపోతుంది. అందుకని వారం రోజులు ఆ బట్టీ పక్కనే కూర్చుని కన్నాలు మూస్తూ, తెరుస్తూ కాపలా కాసేది. తయారైన బొగ్గులు గంపకెత్తి ఊళ్ళోకి తీసుకెళ్ళి చోళ్ళకి, అంటే రాగులకి, మార్చుకునేది. ఊళ్ళో ప్రతి ఇంటి కుంపట్లోనూ గైరమ్మ బొగ్గులే. అయినా ఒక్క ఇల్లూ ఆమెని అరుగు ఎక్కనిచ్చేది కాదు. ఒళ్ళంతా మసి కదా. గంప వాకిట్లోనే దించి, చోళ్ళు వాకిట్లోనే పట్టుకుని వెళ్ళిపోయేది.

బట్టీ కాపలాలో పిల్లలు ముగ్గురూ తల్లి చుట్టూ చేరేవారు. పిల్లలన్నాక అడుగుతారు కదా, వీళ్ళూ అడిగారు.

ముత్తి అడిగింది, మంట ఎందుకు ఎర్రగా ఉందని. గైరమ్మ చెప్పింది, నిప్పు కూడా మనలాగే ఊపిరి పీలుస్తుందని. గాలి చాలనప్పుడు అది నీరసంగా, ఎర్రగా, పొగ కక్కుతూ కాలుతుందని. ఊదుగొట్టంతో ఊది చూపించింది. ఎరుపు లేచి పసుపైంది.

సోములు అడిగాడు, మరి పసుపు ఎందుకని. గైరమ్మ ఒక పాత కుండపెంకు తీసి పసుపు మంట మీద పట్టింది. పెంకు అడుగు నల్లబడింది. మంటలో కంటికి ఆనని మసి నలుసులు ఉంటాయని, అవి ఎర్రగా కాగి మెరుస్తాయని, వేలకు వేల నలుసులు ఒక్కసారి మెరిస్తే మనకి పసుపుగా కనిపిస్తుందని చెప్పింది. ఉప్పు చిటికెడు వేసి చూపించింది, పసుపు ఇంకా చిక్కబడింది. రాగి చెంబు మీది చిలుము గీకి వేసింది, మంట అంచు చిలక రెక్కలా పచ్చబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఏటి తిన్నాదో, ఎంత పీల్చినాదో, మంట తన రంగుతోనే సెప్పేస్తాది" అంది గైరమ్మ.

బూసి అడిగింది, నీలం ఎందుకని. నిప్పుల మీద సన్నగా ఆడుతున్న నీలి మంటని వేలెత్తి చూపించింది. గైరమ్మ ఆ మంట మీదా పెంకు పట్టింది. పెంకు నల్లబడలేదు. పొగ లేదు, మసి లేదు. ఆమె తనకి తెలిసినంత చెప్పింది.

"అది కడుపు నిండిన మంట బుల్లీ. మంచి మంట."

అదీ ఆమె చెప్పిన మాట. దాన్ని మళ్ళీ వెనక్కి తీసుకోవడానికి ఆమెకి వీలు కాలేదు.

ఒక ఏడు పుష్యమాసంలో ముసురు పట్టింది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, మూడు రోజులు. గుడిసె గోడల్లోంచి చలి నీళ్ళలా కారింది. మూడో రోజు పొద్దున్న వానకి బట్టీ మీది మన్ను కొట్టుకుపోతోందని గైరమ్మ చూసింది. బట్టీ పోతే ఆ చలికాలమంతా చోళ్ళు లేవు. పిల్లలు ఒకరినొకరు కరుచుకుని వణుకుతున్నారు. ఆమె కుంపటి నిండా కొత్త బొగ్గులు పోసి, రాజేసి, పిల్లల మధ్య పెట్టింది. గోడల సందుల్లో గడ్డి కుక్కింది. బయటికి వచ్చి తలుపు దగ్గరికి లాగి, కింద చలి దూరకుండా గోనెపట్టా దోపింది. దోపుతుంటే లోపలి నుంచి బూసి గొంతు వినిపించింది.

"అమ్మా, మంచి మంట వచ్చింది."

గైరమ్మ నవ్వుకుంటూ బట్టీ దగ్గరికి పరుగెత్తింది.

మధ్యాహ్నం దాకా వానలో మన్ను మెత్తింది. బట్టీ నిలబడింది. తిరిగొచ్చి తలుపు తీస్తే పిల్లలు ముగ్గురూ నిద్రపోతున్నారు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఆ చలికాలం మొత్తంలో వాళ్ళ బుగ్గలు అంత ఎర్రగా ఆమె చూడలేదు. ఇప్పటికి వెచ్చబడ్డారు నా గుంటలు, అనుకుంది. లేపబుద్ధి కాలేదు. చప్పుడు చెయ్యకుండా తెరిచిన తలుపు పక్కనే పొయ్యి వెలిగించి జావ కాచింది. మూడు దొప్పల్లో పోసింది. చల్లారేదాకా కూర్చుంది.

అప్పుడు ముత్తిని పిలిచింది. పలకలేదు. సోముల్ని పిలిచింది. పలకలేదు. బూసిని పిలవలేదు. చెయ్యి వేసి చూసింది.

ఊరు వచ్చి చూసింది. ఒంటి మీద గాయం లేదు. పాము కాటు లేదు. జ్వరం లేదు. గుడిసె కాలలేదు, పొగ కమ్మలేదు. అలా ముగ్గురు పిల్లలు నవ్వు మొహాలతో ఎలా పోతారని ఒకరిని ఒకరు అడిగారు. ఊరి పెద్ద లచ్చునాయుడు ఎక్కువసేపు ఆలోచించలేదు. చిల్లంగి, చేతబడి అన్నాడు. తల్లే పెట్టి ఉంటుందన్నాడు. ఆ రోజు నుంచి గైరమ్మ వాకిట్లోకి కూడా రాకూడదు. ఊరి బయట బండ మీద బొగ్గులు పెట్టి పోవాలి. చోళ్ళు అదే బండ మీద పోస్తారు. ఊళ్ళో పిల్లలెవరూ ఆమె వైపు పోకూడదు. చూడండి, బొగ్గులు మాత్రం కావాలి.

గైరమ్మ ఏడవలేదు. ఆమెకి ఒకటే పట్టుకుంది. నా పిల్లల్ని ఏం చంపింది?

మొదట కుంపటి రాజేసి, తలుపు బార్లా తీసి, దాని ముందు కూర్చుంది. బొగ్గుల మీద నీలి మంట ఆడింది. ఏమీ కాలేదు.

మర్నాడు తలుపు సగం మూసి కూర్చుంది. నీలి మంట చిన్నబోయింది. కాసేపటికి తల పగిలిపోయే నొప్పి వచ్చింది.

మూడోనాడు ఆ రోజు చేసినట్టే అంతా చేసింది. సందుల్లో గడ్డి కుక్కింది. తలుపు కింద గోనెపట్టా పెట్టింది. పిల్లలు పడుకున్న చోటే కూర్చుని కుంపటి వైపు చూసింది. నీలి మంట ఆడింది. ఆడి ఆడి కుంచించుకుపోయింది. తర్వాత ఆరిపోయింది. బొగ్గులు మాత్రం ఎర్రగా కాలుతూనే ఉన్నాయి. పొగ లేదు. వాసన లేదు. అంతా ప్రశాంతంగా ఉంది. లేవబోయింది. నేల మీద పడి, పాక్కుంటూ వెళ్ళి, పట్టా లాగేసి, తలుపు కింది సందుకి ముక్కు ఆనించింది. ఎంతసేపు అలా ఉందో ఆమెకే తెలియదు. ఊపిరి తిరిగాక తలుపు తీసింది. బతకాలని కాదు. తెలిసింది ఎవరికైనా చెప్పాలని.

ఆమెకి తెలిసింది ఇది. కొత్త బొగ్గు రగులుతున్నప్పుడు దానిలోంచి ఒక గాలి లేస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పైన మంచి గాలి దొరికితే అది అక్కడికక్కడే నీలి మంటై కాలిపోతుంది. మంచి గాలి దొరక్కపోతే కాలదు. కాలకుండా గదిలో నిండుతుంది. గదిలో ఉన్నవాళ్ళ ఊపిరిలోకి దిగుతుంది. నీలం అబద్ధం చెప్పలేదు. ఆమే సగం విని సగం వదిలేసింది. ఆ సగమే పిల్లలకి నేర్పింది. తలుపు మూసింది ఆమె. సందులు కుక్కింది ఆమె. ఆ మాట ఆమెకి చెప్పడానికి నాయుడు అక్కర్లేదు.

గైరమ్మ చెబుదామని ఊళ్ళోకి వెళ్ళింది. వీధి మొగలోనే ఆపేశారు. నెల పోయాక మళ్ళీ వెళ్ళింది. ఈసారి నాయుడు వాకిట్లో నిలబడి విన్నాడు. విని నవ్వాడు. కంటికి కనబడనిది, ముక్కుకి తగలనిది మనిషిని చంపుతుందట, మరి అదే కదా చిల్లంగి అంటే, అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నిజమే అన్నారు. మూడోసారి చూపిద్దామని చేత్తో కుంపటి పట్టుకెళ్ళింది. నిప్పులు తెచ్చి ఊరి మీద పోస్తుందని దాన్ని తన్నేశారు. నిప్పులు ఆమె కాళ్ళ మీద పడ్డాయి.

ఇక పెద్దవాళ్ళకి చెప్పడం మానేసింది.

పిల్లలు మాత్రం వచ్చేవారు. పోవద్దని ఇంట్లో చెప్పినా, మేకలు తోలుకుని అటు వెళ్ళినప్పుడు చలికి బట్టీ పక్కన నిలబడేవారు. అందరిలోకీ ముందు నిలబడేది సీతాలు, నాయుడి మనవరాలు, ఎనిమిదేళ్ళది. గైరమ్మ వాళ్ళని దగ్గరికి రమ్మనేది కాదు, పొమ్మనేదీ కాదు. పుల్లతో నిప్పు కదిలించి రంగులు చూపించేది. ఎరుపు చెప్పేది. పసుపు చెప్పేది. చిలుము వేసి ఆకుపచ్చ చూపించేది. పిల్లలు చప్పట్లు కొడితే తల తిప్పుకునేది. నీలం దగ్గరికి వచ్చేసరికి పుల్ల కింద పెట్టేసేది. ఒక్కొక్కరి చేతా తిరిగి చెప్పించుకునేది. కుంపటి మీద నీలం ఆడినంతసేపూ దాన్ని గడప దాటనివ్వకూడదు. నీలం పోయాక, అంటే ఆ గాలి బయటే కాలిపోయాక, లోపలికి తెచ్చినా తలుపు మూయకూడదు. లోపల నీలి మంట ఆడి ఆడి ఆరిపోతే ఏం చెయ్యాలి? తలుపు తియ్యాలి. ఎవరు తిట్టినా తియ్యాలి. ఎవరు కొట్టినా తియ్యాలి. ఏదీ, మళ్ళీ చెప్పండి, అనేది.

ఒకసారి సీతాలు అడిగింది, నీకు పిల్లలు లేరా అని.

"ఉండీవోరు" అంది గైరమ్మ.

అలా రెండు చలికాలాలు గడిచాయి. మూడో చలికాలంలో నాయుడి కోడలు, అంటే సీతాలు తల్లి, మగబిడ్డని కన్నది. మళ్ళీ ముసురు పట్టింది. బాలింతకి గాలి తగిలితే సన్ని జ్వరం కమ్ముతుందని నాయుడి భార్య గది కిటికీకి గోనెలు కట్టించింది. తలుపుకి కంబళి వేలాడదీసింది. మంచం కింద కుంపటి పెట్టించింది. బిడ్డని చేటలో పడుకోబెట్టి, కుంపటి వేడి మరీ తగలకుండా గడప పక్కన ఉంచింది.

సీతాలు తల్లికి వేణ్ణీళ్ళు ఇవ్వడానికి గదిలోకి వెళ్ళింది. మంచం కింద నీలి మంట ఆడుతోంది. చూస్తుండగానే చిన్నబోయింది. తల్లి తల నొప్పిగా ఉందంటూ గోడ వైపు తిరిగి పడుకుంది. సీతాలు బయటికి వచ్చి తలుపు తియ్యమని నాయనమ్మతో చెప్పింది. నాయనమ్మ తిట్టింది. సీతాలు తనే తలుపు తోసింది. లోపల నీలం ఆరిపోయి ఉంది. నాయనమ్మ చెంప మీద కొట్టి, తలుపు మూసి, బయట గొళ్ళెం పెట్టింది. మొగవాళ్ళంతా పశువుల కోసం దొడ్లో ఉన్నారు. ఆ పిల్ల ఇంకెవరి దగ్గరికి వెళ్తుంది? వానలో పరుగెత్తింది.

"అమ్మ గదిలో నీలం ఆరిపోయింది" అంది గైరమ్మ గుడిసె ముందు నిలబడి.

గైరమ్మ చేతిలో ఉన్నది అక్కడే పడేసి పరుగు తీసింది. వీధి మొగలో ఆపబోయారు, ఆగలేదు. వాకిలి దాటింది. ఆ ఇంటి అరుగు మొదటిసారి ఎక్కింది. గొళ్ళెం తీసి, కంబళి లాగేసి, చేటలో బిడ్డని ఎత్తి వెనకే పరుగెత్తుకొచ్చిన సీతాలు చేతుల్లో పెట్టింది. బయటికి తీసుకుపోమంది. మళ్ళీ లోపలికి వెళ్ళి కుంపటిని చేతులతో లాగి వాకిట్లోకి విసిరింది. మళ్ళీ వెళ్ళి బాలింతని చంకల కింద చేతులు వేసి గడప దాకా ఈడ్చుకొచ్చింది.

అప్పటికి నాయనమ్మ కేకలు విని మొగవాళ్ళు వచ్చారు. వాళ్ళకి కనిపించింది ఏమిటి? చిల్లంగిదని వెలేసిన మనిషి బాలింత గదిలో ఉంది. ఆమె చేతుల్లో బాలింత తల వేలాడుతోంది. దొడ్లోంచి తెచ్చిన కొయ్య గూటం నాయుడి చేతిలోనే ఉంది. ఒక్క దెబ్బే కొట్టాడు. రెండోది అవసరం రాలేదు.

బాలింత కళ్ళు తెరవలేదు. గైరమ్మ రావడం కొంచెం ఆలస్యమైంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. బిడ్డకి మాత్రం తలుపు కింది సందులోంచి వెంట్రుకంత గాలి తగిలింది. అందుకని మిగిలాడు.

గైరమ్మని ఈడ్చుకెళ్ళి ఆమె గుడిసెలో పడేశారు. మర్నాడు పొద్దున్న సీతాలు ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. గైరమ్మ తల కింద గడ్డంతా తడిసి ఉంది. ఇంకా ఊపిరి ఉంది. సీతాలు పక్కన కూర్చుంది. అమ్మ చచ్చిపోయిందని చెప్పింది. గైరమ్మ కళ్ళు మూసుకుంది. తెరవకుండానే అడిగింది.

"గుంటడు ఏడుస్తున్నాడా?"

"పాలకి ఏడుస్తున్నాడు. ఆగటం లేదు."

"ఏడవనీ" అంది గైరమ్మ.

మధ్యాహ్నానికి పోయింది. పాతిపెట్టడానికి పెద్దవాళ్ళెవరూ రాలేదు. మేకలు తోలే పిల్లలు వచ్చారు. వాళ్ళకి గొయ్యి తవ్వడం చేతకాలేదు. బట్టీ మీది మన్నే ఒళ్ళో పోసుకుని తెచ్చి, ముత్తి, సోములు, బూసి ఉన్నచోటికి పక్కగా పడుకోబెట్టి కప్పారు.

సీతాలు ఇంటికి వచ్చి తాతకి చెప్పింది. నీలం సంగతి చెప్పింది, గొళ్ళెం సంగతి చెప్పింది, పరుగు సంగతి చెప్పింది. తాత వినలేదు. పిల్లకి కూడా చిల్లంగి పట్టిందన్నాడు. మళ్ళీ చెప్పింది. వినలేదు. మూడోసారి నోటితో చెప్పలేదు. నాయుడికి ప్రాణంలా ఉండే పందెం కోడి ఒకటుంది. దాన్ని పట్టుకుని గంప కింద పెట్టి, తల్లి పోయిన గదిలోనే ఉంచింది. కుంపటి రాజేసి పక్కన పెట్టింది. కిటికీకి గోనెలు అలాగే ఉన్నాయి. తలుపు మూసి, కంబళి వేసి, దానికి వీపు ఆనించి వాకిలి వైపు కూర్చుంది. పట్టపగలు. ఊరంతా చూస్తోంది. తాత లెమ్మన్నాడు, లేవలేదు. నాయనమ్మ వచ్చి పక్కన నిలబడింది గానీ ఈసారి చెయ్యి ఎత్తలేదు.

చాలాసేపు అయ్యాక సీతాలు లేచి తలుపు తీసింది. తనే వెళ్ళి గంప ఎత్తింది. కోడి పక్కకి ఒరిగి ఉంది. గాయం లేదు. తురాయి నిగనిగా ఎర్రగా ఉంది.

"తాతా, దీనికెవలు పెట్టినారు చిల్లంగి?" అని అడిగింది.

ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరూ తమ ఇంట్లో ఏ చలికాలంలో ఎవరు కారణం లేకుండా పోయారో లెక్క గుర్తు చేసుకుంటూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నాయుడు ఆ గది తలుపుని తన చేతులతోనే ఊడబెరికాడు. బతికినన్నాళ్ళూ మళ్ళీ బిగించలేదు. చలికి దగ్గుతూ ఆ గదిలోనే పడుకునేవాడు. ఎవరు కంబళి తెచ్చి గుమ్మానికి కట్టబోయినా వద్దనేవాడు. దానివల్ల పోయినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. అది ఆయనకీ తెలుసు.

సీతాలు పెద్దదై, తమ్ముడికి, తమ్ముడి పిల్లలకి, వాళ్ళ పిల్లలకి ఈ కథ చెప్పింది. అలా ఇది మా అవ్వ దాకా వచ్చింది.

ఇప్పటికీ చలిమెట్టలో కుంపటి రాజేస్తే ముందు వాకిట్లోనే ఉంచుతారు. చుట్టూ పిల్లలు కూర్చుంటారు. ఎరుపు ఎందుకో, పసుపు ఎందుకో పెద్దవాళ్ళు చెబుతారు. నీలం ఎందుకో మాత్రం పిల్లలే చెప్పాలి. నీలం పోయిందని అందరిలోకీ చిన్న పిల్ల చెబితే తప్ప కుంపటి గడప దాటదు. దాటాక తలుపు జానెడు తెరిచి ఉంచుతారు. ఆ జానెడుకి గైరమ్మ సందు అని పేరు. ఎంత ముసురైనా, ఇంట్లో బాలింత ఉన్నా దాన్ని మూయరు. చలి వస్తుంది. బాగా వస్తుంది. వేరే ఊరి నుంచి కొత్తగా వచ్చిన కోడలు మొదటి చలికాలంలో వణుకుతూ లేచి తలుపు మూయబోతుంది. అత్త ఆమెని కూర్చోబెట్టి ఈ కథ మొత్తం చెబుతుంది. విన్నాక కోడలు మళ్ళీ లేస్తుంది. బయటికి వెళ్ళి ఒక రాయి తెచ్చి, గాలికి తలుపు పడిపోకుండా అడ్డం పెడుతుంది.